తుంగచాప మీద మేక్ పాఠం

నా ఉద్యోగంలో నన్ను ముప్పుతిప్పలు పెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. తనిఖీకొచ్చి టిఫిన్ బాగాలేదని అలిగిన అధికారులు, లీవు అడిగితే క్యాలెండరు వంక చూసే హెడ్మాస్టర్లు, ఏ రోజు ఏ వేళకు వస్తుందో దానికే తెలియని తెనాలి-రేపల్లె పాసింజరు బండి. వీళ్లందరినీ నేను ఎప్పుడో క్షమించేశాను. కానీ వీళ్లందరికన్నా ఎక్కువగా నన్ను ఏడిపించింది ఒక ఇంగ్లీషు క్రియ. పేరు మేక్. ఆరో తరగతి పిల్లలకు చెప్పే మాట. ఒక్క మాటకు ఇంత కథ ఉంటుందా అని, కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. నేనూ ఇప్పుడు నవ్వుకుంటూనే రాస్తున్నాను. అప్పుడు మాత్రం అన్నం సహించలేదు.

నా చివరి పోస్టింగు రేపల్లె దాటాక కాలవగట్టు మీదున్న ఒక ఊరి హైస్కూల్లో. ఇల్లేమో తెనాలి. పొద్దున్నే బండెక్కి రేపల్లెలో దిగి, అక్కణ్నించి షేర్ ఆటోలో సగం సీటు మీద, సగం గాలిలో కూర్చుని బడికి చేరేదాన్ని. ఊళ్లో సగం ఇళ్ల ముందు తుంగ ఎండుతూ ఉండేది. కాలవల పక్కన, పల్లపు చేలల్లో మొలిచే గడ్డి అది. కోసి, చీల్చి, ఎండబెట్టి చాపలు నేస్తారు. ఆటో దిగగానే ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన వస్తే నాకు ఫస్ట్ బెల్ కొట్టినట్టే ఉంటుంది.

స్టాఫ్ గురించి రెండు మాటలు. మా హెడ్మాస్టరుగారు ఎండలోనూ వానలోనూ, చివరికి స్టాఫ్ రూములోనూ గొడుగు వదలని మనిషి. రాబోయే కష్టాలన్నీ ఆయనకు ముందే తెలిసిపోయేవి. లెక్కల మాస్టారు ఆయనకు పూర్తిగా తిరగేసిన మనిషి. ఏ కష్టమొచ్చినా ముందు దాని మీద ఒక జోకు వేస్తే గాని ఆయనకు తోచదు. నాకు ఎదురుగానే ఆయన టేబులు ఉండటంతో ఆ జోకుల్లో ఎక్కువ భాగం నా మీదే పడేవి.

ఆ ఏడాది ఊళ్లోకి ఒక పచ్చ వ్యాను రావడం మొదలైంది. రేపల్లెలోని ఒక ప్రైవేటు బడి వాళ్లది. టై కట్టుకున్న పిల్లలు కిటికీల్లోంచి చేతులూపుకుంటూ పోతుంటే, చాపలు నేసే తల్లులు పని ఆపి మరీ చూసేవాళ్లు. వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను హెడ్మాస్టరుగారి గదిలో ఉండగా నలుగురు తల్లులు వచ్చారు. ముందున్న ఆవిడ పొడుగ్గా, గట్టిగా, మాటలో తడబాటు లేకుండా ఉంది. ఊళ్లో ఆవిడ నేసిన చాపకు పేరుంది. వాళ్లమ్మాయి మా ఆరో తరగతిలోనే చదువుతోంది.

"సార్, మా పాపకి టీసీ ఇప్పించండి," అందావిడ.

హెడ్మాస్టరుగారు గొడుగును ఒళ్లోకి తీసుకుని నా వైపు చూశారు. పాప బాగానే చదువుతోంది కదా అన్నాన్నేను.

"చదివిద్దండి, కాదనట్లేదు. ఆ వ్యాను మా వాకిట్లోనే ఆగిద్ది మేడంగారూ. దాంట్లో పిల్లలు ఇంగ్లీషులో గలగలా మాట్లాడుకుంటారు. మా పాప వాళ్ల వంక నోరు తెరుచుకుని చూసిద్ది. నాకు చదువు లేదు. దాని బతుకన్నా బాగుండాలా వద్దా? కన్నతల్లిని, ఎట్టా ఉంటదండీ నాకు?"

ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది? ఆరో తరగతి నుంచి ఆ నలుగురి పిల్లలూ పోతే వాళ్ల వెనకాల ఇంకో పదిమంది పోతారు, తర్వాత తరగతే ఉండదు. అది మా బాధ. ఆవిడ బాధ ఆవిడ కూతురు.

"తల్లిదండ్రుల మీటింగు దాకా ఆగమ్మా," అన్నారు హెడ్మాస్టరుగారు బతిమాలినట్టు.

ఆవిడ వెనకున్న ముగ్గురి వైపూ ఒకసారి తిరిగి చూసింది. "ఆగుతానండి. ఆ రోజున మా పాప అందరి ముందూ నాలుగు మాటలు ఇంగ్లీషులో మాట్లాడాలి. సొంతంగా. బట్టీ పట్టించి చెప్పిస్తే నాకు తెలిసిపోయిద్ది మేడంగారూ. బట్టీ పట్టింది చెప్పేటప్పుడు అది ఉయ్యాల్లో కూర్చున్నట్టు ఊగిద్ది. అట్టా ఊగిందంటే మాత్రం టీసీ నా చేతిలో పెట్టాల్సిందే."

"మరి మాట్లాడితే?"

"ఈ బళ్లోనే ఉంచుతా. నేనుంచితే వీళ్లూ ఉంచుతారు." వెనకున్న ముగ్గురూ తలలూపారు.

వాళ్లు వెళ్లాక చూస్తే కిటికీ కింద ఆ పిల్ల నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "నేను ఆ బడికి పోనండీ," అంది. ఎందుకే అంటే, పక్కనే నిలబడ్డ ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల సెంటర్లో టీకొట్టు నడిపేవాళ్లమ్మాయి. బెంచీ మీద, అన్నం దగ్గర, ఆఖరికి చీవాట్లు తినేటప్పుడు కూడా ఇద్దరూ ఒక్క దగ్గరే. "అక్కడ నా పక్కన ఎవరు కూర్చుంటారండీ?" అందా పిల్ల.

సరిగ్గా ఆ వారమే జిల్లా కేంద్రం బాపట్లలో మాకు ట్రైనింగు పెట్టారు. శిక్షణ ఇవ్వడానికొచ్చిన కుర్రాడు చురుకైనవాడు. రోజువారీ జీవితంలోని పనులతో క్రియలు నేర్పాలన్నాడు. మేక్ అనే మాటకు ఉదాహరణగా ఒక వీడియో చూపించాడు. అందులో ఒక తల్లీ కూతురూ నవ్వుకుంటూ కేకు తయారుచేస్తున్నారు. నాకు జ్ఞానోదయమైనట్టే అనిపించింది. తెనాలిలో చార్టు పేపరు కొని, రాత్రంతా కూర్చోలేదు గానీ ఒక ఆదివారం మొత్తం కూర్చుని, మూడంతస్తుల కేకు బొమ్మ వేశాను. రంగులు కూడా వేశాను. మర్నాడు స్టాఫ్ రూములో గోడకానించి వెనక్కి జరిగి చూసుకుంటూ మురిసిపోతుంటే లెక్కల మాస్టారు వచ్చారు.

"నూతిగట్టు బాగా వేశారండీ మేడంగారూ," అన్నారు.

"కేకండీ అది!"

"ఓహో. అయితే మన ఊళ్లో ఎవరింట్లో చేస్తారంటారు?"

నేను విననట్టు చార్టు చుట్టేసి క్లాసుకి వెళ్లిపోయాను. పిల్లలందరూ 'ఐ మేక్ ఎ కేక్' అని ముక్తకంఠంతో చెప్పారు. చెబుతున్నంతసేపూ చాపల ఆవిడ కూతురు కుడికీ ఎడమకీ ఊగుతూనే ఉంది. సరేలే, ఇంటి విషయాలు అడిగితే సొంతంగా మాట్లాడుతుందని, "వాట్ డజ్ యువర్ మదర్ మేక్?" అన్నాను. పిల్లలకు ప్రశ్న అందలేదు. తెలుగులో అడిగాను. మేక్ అంటే తయారుచేయడం, మీ అమ్మ ఏం తయారుచేస్తుంది అని.

"మా అమ్మ ఏమీ తయారుచెయ్యదండి," అందా పిల్ల.

"ఏమీ చెయ్యదా?"

"చెయ్యదండి. చాపలు నేసిద్దండి."

క్లాసంతా అవునన్నట్టు చూసింది తప్ప ఒక్కరూ నవ్వలేదు. టీకొట్టు పిల్ల లేచింది. "మా అమ్మ కూడా ఏమీ తయారుచెయ్యదండి. టీ పెట్టిద్ది. బజ్జీలు వేసిద్ది. అంతే." మూడో బెంచీ మీద నుంచి ఇంకో పిల్ల, "మా మామ్మ అప్పడాలు ఒత్తిద్దండి," అంది. ఒకడు చాలా తెలిసినవాడిలా, "తయారుచేసేది ఫ్యాక్టరీలో అండి. మా తాత చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినప్పుడు తయారుచేసేవాడంట," అన్నాడు. నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే వాళ్లు చెప్పేది ఎక్కడ తప్పో ఎంత వెతికినా నాకు తోచలేదు.

సాయంత్రం బండిలో నా మొహం చూసి మా బండి సావాసగాళ్లు ఏమైందన్నారు. రోజూ ఆ బోగీలో నాతో వచ్చేవాళ్లు ఇద్దరు. రేపల్లె బ్యాంకులో పనిచేసే ఒకావిడ, అక్కడే టైలరు షాపు నడుపుతూ తెనాలి నుంచి తిరిగే ఒక సాయిబుగారు. బ్యాంకావిడ బండి కదలగానే సంచీలోంచి మల్లెమొగ్గలు తీసి దండ కట్టుకుంటూ కూర్చునేది. నేను జరిగింది చెప్పాను.

"పిల్లలన్నదాంట్లో తప్పేముంది మేడం?" అన్నారు సాయిబుగారు. "నేను చొక్కా కుడతాను. ఇంటికెళ్లి 'ఇవాళ నాలుగు చొక్కాలు తయారుచేశానే' అంటే మా ఆవిడ నా నుదురు పట్టుకుని చూస్తుంది, జ్వరమొచ్చిందేమోనని."

"నేను మటుకు? దండ కడతా. జడ వేస్తా. ఆవకాయ పెడతా," అంది బ్యాంకావిడ.

అంతే, బోగీ అంతా అందుకుంది. భట్టిప్రోలులో బండి ఆగేసరికి పక్క సీట్లవాళ్లు కూడా దిగిపోయారు ఆటలోకి. బుట్ట అల్లుతాం. ఇల్లు కడతాం. ఇటుకలు కోస్తాం. పిడకలు చరుస్తాం. అరిసెలు వండుతాం. దోసెలు పోస్తాం. బొమ్మ చెక్కుతాం. ముగ్గు పెడతాం. వేమూరులో ఎక్కిన ఒక పెద్దాయన ఏం జరుగుతోందో కనుక్కుని, "సున్నుండలు చుడతాం!" అని అరిచి అప్పుడు కూర్చున్నాడు. జంపని దాటినా మాటలు అయిపోలేదు. తెనాలిలో దిగాక కూడా సాయిబుగారు ప్లాట్‌ఫారం మీద నుంచి "మేడం, కాజా కుడతాం!" అని కేకేశారు.

ఇంటికి నడుస్తుంటే విషయం నెమ్మదిగా బోధపడింది. మన మాటలు చేతిని చూస్తాయి. వేళ్లు ఎలా కదిలితే ఆ మాట. ఇంగ్లీషువాళ్ల మేక్ చేతిని చూడదు. ఇంతకుముందు లేనిది ఇప్పుడు ఉందా, ఉంటే చాలు, మేక్ అంటుంది. చాపకీ అదే, టీకీ అదే, దండకీ అదే. అంతటితో ఆగదు. చప్పుడు చేసినా మేక్, తప్పు చేసినా మేక్, స్నేహం కలుపుకున్నా మేకే. ఇన్నేళ్లుగా ఆ మాటకు తయారుచేయడం అనే ఒక్క అర్థం చెప్పి ఊరుకున్నాను. ఆ పిల్ల తల్లి పొద్దుటినుంచి సాయంత్రం దాకా నడుము పడిపోయేలా చాపలు నేస్తే, నా పాఠంలో ఆవిడ ఏమీ చెయ్యనిదైపోయింది. మర్నాడు మూడంతస్తుల కేకును లెక్కల మాస్టారికి బహుమతిగా ఇచ్చేశాను. ఆయన దాన్ని తిరగేసి త్రికోణాలు గీసుకున్నారు.

కొత్త నియమం పెట్టాను. ఎవరింట్లో ఏది చేస్తే దాన్ని బడికి తేవాలి, క్లాసులో చేతులతో చేసి చూపించాలి, చేస్తూ మాట్లాడాలి. మొదటిరోజు గాలిపటం, రెండోరోజు దండ. టీకొట్టు పిల్ల ఫ్లాస్కులో పాలు, పొట్లంలో టీపొడి తెచ్చి, మధ్యాహ్న భోజనం వండే ఆవిడ దగ్గర పొయ్యి అడిగి టీ పెట్టింది. హెడ్మాస్టరుగారు గొడుగు పక్కన పెట్టి మరీ తాగారు. చాప తుంగతో చేస్తారు, తుంగ అందులో కంటికి కనబడుతూనే ఉంటుంది కాబట్టి మేడ్ ఆఫ్ అనాలి. బెల్లం చెరకు నుంచి వస్తుంది, అందులో చెరకు కనబడదు కాబట్టి మేడ్ ఫ్రమ్ అనాలి. ఇలా చెప్పుకుపోతుంటే చాపల పిల్ల చెయ్యెత్తింది.

"టీలో ఆకు వడగట్టకముందు కనపడిద్ది, వడగట్టాక కనపడదు. మరి ఏది అనాలండీ?"

"నువ్వు వడగట్టాకే అడుగు," అన్నాను. ఇంతకన్నా మంచి జవాబు నాకు ఇప్పటికీ తట్టలేదు.

మా గోల భరించలేక పక్క క్లాసు తెలుగు మేడం తలుపు దగ్గరికొచ్చి నిలబడేది. పిల్లలు ఆవిణ్ని చూడగానే "వుయ్ ఆర్ మేకింగ్ నాయిస్, మేడం!" అని ఆనందంగా ఒప్పుకునేవాళ్లు. దాంతో ఆవిడకు తిట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

కానీ అసలు చిక్కు తీరలేదు. చాపల పిల్లను లేపి నిలబెట్టి మాట్లాడమంటే మళ్లీ ఊగడమే, లేదంటే మూగనోమే. దాన్ని కనిపెట్టింది లెక్కల మాస్టారు. "మేడంగారూ, ఆ పిల్ల చేతులు ఖాళీగా ఉంటే నోరు పెగలదండి. నిన్న దండ కట్టేటప్పుడు చూడండి, పక్కపిల్లతో ఎంత ఇంగ్లీషు మాట్లాడిందో," అన్నారు, మొదటిసారి జోకు లేకుండా. ఆ మాట పట్టుకున్నాను. మీటింగు రోజున ఆ పిల్ల చాప నేస్తూ మాట్లాడాలని తీర్మానించాం.

చాప నేయడానికి ఇద్దరు కావాలి. నేలలో మేకులు కొట్టి, తాళ్లు బిగించి, ఒకరు తుంగపుల్ల అందిస్తుంటే ఇంకొకరు తాళ్లు దూరేలా బెజ్జాలున్న అచ్చుచెక్కను లాగి దాన్ని బిగువుగా సర్దాలి. ఇంట్లో అయితే చెక్క దగ్గర తల్లి కూర్చుంటుంది. బళ్లో టీకొట్టు పిల్ల కూర్చుంది. పి.ఇ.టి. సారు వాలీబాల్ నెట్టు కోసం దాచుకున్న మేకులు బాదంచెట్టు కింద దిగగొట్టి ఒక చిన్న మగ్గం సిద్ధం చేశారు. దాని ముందు కూర్చున్నంతసేపు ఇంగ్లీషే మాట్లాడాలి, తెలుగు మాట దొర్లితే బోర్డు తుడవాలి అన్నది మా ఆట. రోజూ సాయంత్రం బెల్లు కొట్టాక ఇద్దరూ అక్కడ కూర్చుని "మేక్ ఇట్ టైట్", "డోంట్ పుల్" అని ఒకరినొకరు గదమాయించుకుంటుంటే, దూరంగా నిలబడి వినడం నాకు ఎంత సంబరంగా ఉండేదో చెప్పలేను. బోర్డు మటుకు ఎక్కువగా నేనే తుడిచాను.

మీటింగు రోజు రానే వచ్చింది. బాదంచెట్టు దగ్గరే షామియానా, కుర్చీలు, మైకు, మగ్గం మీద కొత్తగా బిగించిన తాళ్లు. తల్లులందరూ మంచి చీరలు కట్టుకొచ్చారు. మొదటి వరుసలో ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది. తడిపిన తుంగను పిల్లలు పొద్దున్నే తడిగోనెలో చుట్టి తెచ్చారు. ఇక్కడే నా తెలివి పొంగిపొర్లింది. అందరికీ అందంగా కనబడాలని ఆ గోనె విప్పేసి, తుంగనంతా బల్ల మీద పరిచి, ఎర్ర రిబ్బను కూడా కట్టాను. తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి. వచ్చిన పెద్దలందరూ విద్య ప్రాముఖ్యం గురించి ఓపిగ్గా మాట్లాడారు. ఎండ బల్ల మీదికొచ్చింది. నేను చప్పట్లు కొడుతూ కూర్చున్నాను.

పిల్లలిద్దరూ మగ్గం ముందు కూర్చునేటప్పటికి తుంగ కరకరలాడుతోంది. మొదటి పుల్ల సగంలో విరిగింది. రెండోదాన్ని ఎలాగో దూర్చారు. టీకొట్టు పిల్ల చెక్క లాగింది గానీ, గట్టిగా లాగితే విరుగుతుందని భయపడి వదులుగా వదిలేసింది. మూడోది, నాలుగోది, అన్నీ అంతే. వరసల మధ్య వేలు దూరేంత సందులు. జనం ముందు అది చూసి చాపల పిల్ల మొహం వాడిపోయింది. చేతులు ఆగిపోయాయి. పిల్ల బెదరకుండా నేను మైకు దూరంగా పట్టుకుని, "టెల్ దెమ్, వాట్ ఆర్ యూ మేకింగ్?" అన్నాను.

మళ్లీ అడిగాను. పిల్ల కుడికీ ఎడమకీ చిన్నగా ఊగడం మొదలుపెట్టింది. తల్లి కట్టుకున్న చేతులు విప్పింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఫట్‌మని ఇంకో పుల్ల విరిగింది.

"అయ్యో అయ్యో, ఆ తుంగ ఎండి బొరుగులైపోయింది! తడి లేకుండా ఎవురన్నా నేస్తారా?" అంటూ ఆవిడ లేచింది. కొంగు నడుముకు దోపి, వేదిక మీద పెద్దల కోసం పెట్టిన మంచినీళ్ల జగ్గు తీసుకుని తుంగ మీద చిలకరించింది. ఆ జగ్గు మీద చెయ్యి వేయబోయిన అతిథి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "లే పాపా, ఇటు జరుగు," అని టీకొట్టు పిల్లను పక్కకి జరిపి చెక్క దగ్గర కూర్చుంది. వదులుగా ఉన్న వరసలు చూసి మొహం చిట్లించింది. ఆవిడ చాపలో అలాంటి వరస ఒక్కటి ఉన్నా విప్పి మళ్లీ నేస్తుందని ఊరంతా చెబుతారు. వేలు పెట్టి మొదటి పుల్ల లాగబోయింది. టీకొట్టు పిల్ల తల దించుకుంది.

"డోంట్ పుల్, అమ్మా!"

చాపల పిల్ల ఒక్కసారిగా తల్లి చెయ్యి పట్టుకుంది. "డోంట్ పుల్! షి మేడ్ ఇట్. మై ఫ్రెండ్ మేడ్ ఇట్!"

తల్లి కూతురి వైపు చూసింది. మొహం కాదు, భుజాలు చూసింది. పిల్ల ఊగట్లేదు. తల్లి మణికట్టు రెండు చేతులతో పట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది.

"ఏంటంటంది మేడంగారూ?" అని ఆవిడ నన్నడిగింది.

"అది తన ఫ్రెండు నేసిందంట. విప్పొద్దంటోంది," అన్నాను.

"ఇది పుస్తకంలో ఉందాండీ?"

"లేదమ్మా. ఏ పుస్తకంలోనూ లేదు."

ఆవిడ కొంచెంసేపు ఆ వదులు వరసల మీద అరచెయ్యి వేసి ఉంచింది. తర్వాత వాటినలాగే వదిలేసి, "ఊఁ, పుల్ల అందించు," అంది కూతురితో. చెక్క పడటం మొదలైంది. చేతులకు పని దొరకగానే పిల్ల నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. "దిస్ మ్యాట్ ఈజ్ మేడ్ ఆఫ్ తుంగ. మై మదర్ మేక్స్ మ్యాట్స్. షి మేక్స్ ఇట్ వెరీ టైట్." మధ్యమధ్య తల్లి "ఏంటే?" అనడం, కూతురు తెలుగులో చెప్పడం. తప్పులు దొర్లాయి. దొర్లనివ్వండి. అంత అందమైన ఇంగ్లీషు నేను నా సర్వీసులో వినలేదు. టీకొట్టు పిల్ల పక్కనే కూర్చుని కళ్లు తుడుచుకుంటూ తుంగ తడుపుతోంది.

వెనక వరుసలోంచి ఒకావిడ లేచి నిలబడింది. "మేడంగారూ, నేను పూలదండలు కడతానండి. దానికీ అదే మాటా?"

"అదే మాటమ్మా. ఐ మేక్ గార్లెండ్స్."

"గారెలకీ?" అని ఇంకొకావిడ.

"గారెలకీ అదే."

"వడియాలకీ, జంతికలకీ?"

"అన్నిటికీ అదే."

"ఇదేంటండీ, ఇంగ్లీషోళ్లు మరీ ఇంత బద్ధకస్తులా! అన్నిటికీ ఒక్కటే మాటా?" అందావిడ. షామియానా నవ్వులతో అదిరిపోయింది. ఇక మీటింగు మా చేతుల్లో లేదు. తల్లులు కుర్చీలు లాక్కుని మగ్గం చుట్టూ చేరారు. ఎవరేం చేస్తారో వాళ్ల పిల్లల్ని అడిగి ఇంగ్లీషులో చెప్పించుకున్నారు. చెప్పేటప్పుడు సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకునేవాళ్లు, చెప్పాక మళ్లీ ఒకసారి చెప్పేవాళ్లు. పెద్దమనుషుల భోజనాలు చల్లారిపోయాయి. హెడ్మాస్టరుగారు రాసుకొచ్చిన వందన సమర్పణ జేబులోనే ఉండిపోయింది. లెక్కల మాస్టారు నా పక్కకొచ్చి, "యూ మేడ్ ఎ నూతిగట్టు, మేడంగారూ, అయినా పాసయ్యారు," అన్నారు.

అందరూ కదిలేటప్పుడు హెడ్మాస్టరుగారు గొడుగు పట్టుకుని ఆవిడ దగ్గరికెళ్లారు. "మరి అమ్మా... ఆ టీసీ సంగతి?"

ఆవిడ నడుముకు దోపిన కొంగు విప్పుకుంటూ మగ్గం వైపు చూపించింది. "చాప సగంలో ఉంది కదా సార్. ఎక్కడికి పోతామండీ?"

ఆ చాప పూర్తికావడానికి చాలా వారాలు పట్టింది. ఎందుకంటే ప్రతి పిల్లా రెండు వరసలైనా వెయ్యాలని పోట్లాడింది. తల్లులు కూడా తీరిక దొరికినప్పుడల్లా వచ్చి ఒక చెయ్యి వేసి, ఒక మాట నేర్చుకుని వెళ్లేవాళ్లు. ఆవిడ రోజూ చివర్లో వచ్చి అన్ని వరసలూ సరిచూసేది. తక్కిన పిల్లల వదులు వరసలు నిర్దాక్షిణ్యంగా విప్పించి మళ్లీ వేయించింది. మొదటిరోజువి మాత్రం ముట్టుకోలేదు. పూర్తయ్యాక హెడ్మాస్టరుగారు చూసి, ఈ ముక్క కూడా సరిచేయిస్తే బాగుంటుందేమో కదమ్మా అన్నారు.

"వద్దండి," అందావిడ. "అది విప్పితే మా పాప మాట కూడా దాంతోనే పోయిద్ది."

నేను రిటైరైన రోజున ఆ చాప చుట్టి, దాని మీద అదే ఎర్ర రిబ్బను కట్టి నా చేతికిచ్చారు. రిబ్బను ఎవరు దాచారో నాకు తెలుసు. లెక్కల మాస్టారు వేరే ఎవరి వైపో చూస్తున్నారు. ఇద్దరు పిల్లలూ ఇప్పుడు హైస్కూలు చివరి తరగతిలో ఉన్నారు. ఇంకా ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారని, ఇద్దరికీ కలిపి ఒకే చోట చీవాట్లు పడుతున్నాయని కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మేడం ఫోనులో చెప్పింది. ఆ కొత్త మేడానికి నేనిచ్చిన సలహా ఒక్కటే. పిల్లలు జవాబు చెప్పనప్పుడు వాళ్లకు రాదనుకోకు, వాళ్ల చేతులకేదైనా పనివ్వు అన్నాను. మీకూ అదే చెబుతున్నాను.

మా ఇంట్లో ఆ చాప ముందుగదిలోనే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద నడుము వాల్చానంటే ఫ్యాను కూడా అక్కర్లేదు. వచ్చినవాళ్లు దాని మీద కూర్చుని ముచ్చటపడతారు. ఎవరో ఒకరు మాత్రం తప్పకుండా ఆ సందులో వేలు పెట్టి, "అంతా బాగుంది గానీ, ఇక్కడ ఇంత వదులుగా ఉందేంటండీ? నేసినవాళ్లకి చేతకాలేదా?" అంటారు.

అప్పుడు వాళ్ల చెయ్యి మెల్లగా పట్టుకుని పక్కకి తీస్తాను.

"షి మేడ్ ఇట్," అంటాను.

వాళ్లకు అర్థం కాదు. నేను కాఫీ పెట్టి తీసుకొచ్చి, కూర్చోబెట్టి, మొదట్నించీ చెబుతాను.